నోటు పుస్తకాన్ని పక్కన పెట్టకండి



ఇంతవరకు ఈ పుస్తకంలో మీరు కథలు, గేయాలు, లేఖలు చదివారు. ఇది అభిప్రాయ వ్యాసం. ఒక విషయాన్ని గూర్చి రాసినవారు ఏమనుకుంటున్నారో, ఎందుకు అనుకుంటున్నారో ఇందులో ఉంటుంది. కథను ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం అనేది ఉండదు. అభిప్రాయంతో మాత్రం మీరు విభేదించవచ్చు. చదువుతున్నప్పుడు "ఇది సరికాదే" అని ఎక్కడైనా తోస్తే, పేజీ పక్కన వదిలిన ఖాళీలో పెన్సిలుతో ఆ మాట రాయండి. ఆ ఖాళీ ఉన్నది అందుకే.

నా అభిప్రాయం ఇది. పాఠాల నోట్సును, రోజూ చేయవలసిన పనుల జాబితాను సెల్‌ఫోనులోని యాప్‌లలో కంటే కాగితం మీద కలంతో రాసుకోవడమే మీవంటి అభ్యాసకులకు మేలు. "మీవంటి" అన్న మాటను గమనించండి. కార్యాలయంలో రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవారి సంగతి వేరు. పగలంతా పని చేసుకుని, రాత్రి అందరూ పడుకున్నాక గంటసేపు పుస్తకం తెరిచే వారిని గూర్చి నేను మాట్లాడుతున్నాను.

ఇది ఫోను మీద కోపంతో చెప్పే మాట కాదు. మన చదువుకు ఫోను ఎంతో మేలు చేసింది. 2017లో మొదలైన 'స్వయం' వేదికలో పాఠాలు ఇంట్లోనే వినవచ్చు. తెలియని మాట ఎదురైతే 'ఆంధ్రభారతి' నిఘంటువులో అర నిమిషంలో వెతుక్కోవచ్చు. మేము చదువుకున్న రోజుల్లో నిఘంటువు చూడాలంటే గ్రంథాలయం తెరిచే వేళదాకా ఆగవలసి వచ్చేది. వినడానికి, వెతకడానికి ఫోను మంచి సాధనమే. రాసుకోవడానికి కూడా అదే మంచి సాధనమా అన్నది ఇక్కడ ప్రశ్న.

రెండేళ్ళ క్రితం గోదావరి జిల్లాలోని ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతి చూడడానికి వెళ్ళాను. వెనక బల్ల దగ్గర ముప్పై అయిదేళ్ళ ఆవిడ ఒకరు రెండు పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఒకటి తెలుగు నోట్సు. రెండోది కొలతల పుస్తకం. ఆవిడ ఇంట్లో జాకెట్లు కుడతారు. పేజీకి ఒక మనిషి. పేరు, పొడవు, ఛాతీ, నడుము, చెయ్యి, మెడ లోతు, ఏ తేదీకి కావాలి, బయానా ఎంత ఇచ్చారు, అన్నీ ఉన్నాయి. పక్కన గుండుసూదితో గుచ్చిన చిన్న గుడ్డ ముక్క. ఆ ముక్కను చూడగానే జాకెట్టు ఎవరిదో ఆవిడకు తెలిసిపోతుంది.

నేను ఊరికే ఉండకుండా, "ఇవన్నీ ఫోనులో పెట్టుకుంటే సులువు కదండీ" అన్నాను.

"ఫోను నా చేతికెప్పుడొస్తుంది మేడమ్?" అన్నారావిడ. "పగలు మా ఆయన దగ్గరుంటుంది, ఆటోకి ఫోన్లొస్తాయి కదా. సాయంత్రం పిల్లాడి దగ్గర. పదింటికి నా చేతికొచ్చేసరికి చార్జింగుండదు. పుస్తకమైతే మిషను మీదే ఉంటుందండి. తొక్కుతూ కూడా చూసుకుంటాను."

ఆ మాట నాకు చురుక్కుమంది. పాఠ్య పుస్తకాలు తయారు చేసేవాళ్ళం మేము "మీ ఫోనులో నమోదు చేసుకోండి" అని ఎంతో సులువుగా రాసేస్తుంటాం. ఎవరి ఫోను? చాలా ఇళ్ళలో ఫోను ఇంటిల్లిపాదిది. దానిలో గృహిణి వంతు చిట్టచివరిది. నోటు పుస్తకం మాత్రం ఆవిడ ఒక్కరిది. ఇల్లంతటిలో తన పేరు రాసి ఉన్న వస్తువు అదొక్కటే కావచ్చు కూడా. ఈ ఒక్క కారణం చాలు, మిగిలినవి లేకపోయినా నా అభిప్రాయం మారదు. కాని మిగిలినవి కూడా ఉన్నాయి.

నా సంగతి కూడా చెప్పాలి. నాలుగైదేళ్ళ క్రితం నేనూ ఒక యాప్‌లో పనులన్నీ రాసుకునేదాన్ని. తోచిన ప్రతి పనీ అందులో పడేసేదాన్ని. ఫలానా పాఠం అచ్చు ప్రతి దిద్దడం, ఫలానా ట్యూటరుకు జవాబు రాయడం, ఇంటికి గ్యాసు బుక్ చేయడం, అమ్మకు మందులు. కొన్నాళ్ళకు నూట అరవై పనులయ్యాయి. అంత పొడుగు జాబితాను చూస్తే పని చేయాలనిపించదు, మూసేయాలనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఒక పాఠం చివర ఇచ్చిన జవాబులలో రెండు తారుమారయ్యాయని ఒక అభ్యాసకుడు ఉత్తరం రాశాడు. మంచి కుర్రవాడు, పేజీ సంఖ్యతో సహా రాశాడు. వెంటనే ఫోనులో నమోదు చేశాను. ఫోను నాకు గుర్తు చేయలేదా అంటే చేసింది. ఒకసారి కాదు, మూడుసార్లు చేసింది. ఆ మూడుసార్లూ నేను బస్సులోనో సమావేశంలోనో ఉన్నాను. వేలితో పక్కకు తోసేశాను. తోసేసిన పని ఆ నూట అరవైలో ఎక్కడో అడుక్కు వెళ్ళిపోయింది. పుస్తకం మళ్ళీ అచ్చయింది. ఆ తప్పు అలాగే ఉంది. సరైన జవాబు రాసిన అభ్యాసకులు వెనక పేజీ చూసుకుని, తమదే తప్పనుకుని కొట్టివేసి ఉంటారు. పక్కన ట్యూటరు లేకుండా ఒంటరిగా చదువుకునేవారికి పుస్తకం ఎంత చెబితే అంత కదా. ఆ తప్పు నాది, యాప్‌ది కాదు. అయినా ఆ తప్పు చేయడాన్ని యాప్ నాకు చాలా సులభం చేసింది.

ఇప్పుడు నా బల్ల మీద ఒక చీటీ ఉంటుంది. ఒక వైపు వాడిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క మీద రేపటి పనులు రాసుకుంటాను. అయిదుకు మించి పట్టవు. చేసిన పని కొట్టేస్తాను. చేయని పనిని సాయంత్రం కొత్త చీటీలో మళ్ళీ రాయాలి. ఇక్కడే ఉంది కిటుకు. మూడు రోజులు వరసగా ఒకే పనిని మళ్ళీ మళ్ళీ రాయవలసి వస్తే చేతికి విసుగు పుడుతుంది. "ఇది చేసేస్తే పోతుంది" అనిపిస్తుంది, లేదా "ఇది నేను చేయనక్కరలేని పని" అని తేలిపోతుంది. యాప్‌లో చేయని పని రేపటికి దానంతటదే వెళ్ళిపోతుంది. మనకు ఏ శ్రమా ఉండదు కాబట్టే ఆ పని మీద మన దృష్టీ ఉండదు.

మన పెద్దవాళ్ళకు ఈ సంగతి తెలుసు. గోడ మీద క్యాలెండరులో పాలు రాని రోజున గడిలో సున్న చుట్టడం, నెలాఖరున ఆ సున్నలు లెక్కబెట్టి పాలవాడికి డబ్బు ఇవ్వడం మీరు చూసే ఉంటారు. చదువు రాని అమ్మమ్మలు గుర్తు కోసం కొంగున ముడి వేసుకునేవారు. ఆ ముడి కూడా ఒక రకం రాతే. నడుస్తున్నప్పుడల్లా చేతికి తగులుతూ ఉంటుంది. గుర్తు కంటికి, చేతికి ఎదురుగా ఉండాలి. తెర వెనక దాగిన గుర్తును చూడాలంటే, అది ఉందన్న సంగతి ముందు గుర్తుండాలి!

పొదుపు సంఘంలో ఉన్న సోదరీమణులకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. సంఘాలు పాటించే పంచసూత్రాలలో క్రమం తప్పకుండా పుస్తకాలు రాయడం ఒకటి. ఎవరు ఎంత కట్టారో అందరి ముందూ రాసి, చదివి వినిపించి, సంతకాలు పెట్టిస్తారు. రేపు తగాదా వస్తే ఆ పేజీ తెరుస్తారు. అంత జాగ్రత్తగా అప్పుల లెక్క రాసే చేతితో పాఠం నోట్సు రాయడానికి మాత్రం ఎందుకో బద్ధకిస్తాం.

ఇక పరిశోధనలు ఏమంటున్నాయో చూద్దాం. ఇలాంటి విషయాల్లో "శాస్త్రజ్ఞులు నిరూపించారు" అని ఒక్క మాటలో తేల్చేసే వ్యాసాలు మీకు చాలా కనబడతాయి. వాటిని వెంటనే నమ్మకండి. ఉదాహరణకు 2014లో అమెరికాలో మ్యూలర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు ఒక పరిశోధన ప్రచురించారు. ఉపన్యాసాలు వింటూ కొందరు విద్యార్థులు ల్యాప్‌టాప్‌లో నోట్సు కొట్టారు, కొందరు చేత్తో రాశారు. కంప్యూటరులో కొట్టినవారు విన్న మాటలను ఉన్నవి ఉన్నట్లు ఎక్కించుకున్నారు. చేత్తో రాసేవారికి అంత వేగం ఉండదు. అందువల్ల ఏది ముఖ్యమో వారు తేల్చుకుని రాయవలసి వచ్చింది. విషయాన్ని అర్థం చేసుకుని చెప్పవలసిన ప్రశ్నలకు వీరే మెరుగుగా జవాబులు చెప్పారు. ఈ పరిశోధన లోకమంతటా ప్రచారమయింది. కాని 2019లోనూ, 2021లోనూ వేరేవారు ఇదే ప్రయోగాన్ని మళ్ళీ చేస్తే అంత స్పష్టమైన తేడా కనబడలేదు. ఇది కూడా చెప్పాలి కదా. కాబట్టి చేత్తో రాసినంత మాత్రాన మార్కులు వస్తాయని నేను మీకు హామీ ఇవ్వను.

పనుల జాబితాకు మరింత దగ్గరగా ఉన్నది 2021లో ప్రచురితమైన జపాను ప్రయోగం. టోక్యో విశ్వవిద్యాలయం పరిశోధకులు 48 మంది యువతీయువకులకు ఒక సంభాషణ చదవడానికి ఇచ్చారు. అందులోని తరగతుల వేళలు, గడువు తేదీలు, కలుసుకోవలసిన సమయాలు నమోదు చేసుకోమన్నారు. కొందరికి కాగితం డైరీ, కొందరికి ట్యాబు, కొందరికి ఫోను ఇచ్చారు. కాగితం మీద రాసినవారు సుమారు 11 నిమిషాల్లో ముగించారు. ట్యాబు వారికి 14, ఫోను వారికి 16 నిమిషాలు పట్టింది. ఒక గంట తరువాత ప్రశ్నలు అడిగితే, సులభమైన ప్రశ్నలకు కాగితం వారే ఎక్కువ సరైన జవాబులిచ్చారు. జ్ఞాపకాలతో సంబంధమున్న మెదడు భాగాలలో కూడా వారికే ఎక్కువ చురుకుదనం కనబడింది.

ఎందుకిలా? ఆ పరిశోధకులు ఇచ్చిన వివరణ మన అనుభవానికి దగ్గరగానే ఉంది. కాగితానికి ఒక చోటు ఉంటుంది. "ఆ మాట ఎడమ పేజీలో కింద రాశాను, పక్కన టీ మరక ఉంది" అని మీకు గుర్తుంటుంది. ఆ మరక, మడత, కొట్టివేత అన్నీ గుర్తుకు సాయం చేస్తాయి. ఫోనులో తెర ఒక్కటే. అన్ని మాటలూ అదే చోట, అదే అక్షరాల్లో వచ్చి పోతాయి. కుట్టుపని చేసే ఆవిడ గుచ్చిన గుడ్డ ముక్క చేసే పని కూడా ఇదే.

అయితే మన అధ్యయన కేంద్రాల్లో ల్యాప్‌టాప్‌లో నోట్సు కొట్టేవారు ఎంతమంది? నేను చూసినంతలో అసలు సమస్య అది కాదు. ట్యూటరు బోర్డు మీద రాయగానే పది ఫోనులు పైకి లేస్తాయి. ఫోటో తీసి, "నోట్సు వచ్చేసింది" అనుకుని, వాట్సాప్‌లో రాలేనివారికి కూడా పంపిస్తారు. పంపడం మంచి పనే. కాని ఆ ఫోటో ఎప్పుడు చూశారు? పుట్టినరోజు ఫోటోలకు, శుభోదయం బొమ్మలకు నడుమ అది ఎక్కడుందో వెతకండి చూద్దాం. లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగంలో ఒక మ్యూజియంలో కొన్ని వస్తువులను చూడమని, కొన్నిటిని ఫోటో తీయమని విద్యార్థులకు చెప్పారు. మరునాడు అడిగితే, ఊరికే చూసిన వస్తువులే ఎక్కువ గుర్తున్నాయి. ఫోటో తీసిన వస్తువులు తక్కువ గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు ఆ పని వదిలేసినట్లుంది. ఆ ప్రయోగంలోనే మరో సంగతి తేలింది. వస్తువులో ఒక భాగాన్ని దగ్గరికి తెచ్చి ఫోటో తీసినవారికి ఈ నష్టం కలగలేదు. అంటే ఏరుకున్నవారు నష్టపోలేదన్నమాట. నోట్సు రాయడమంటే ఏరుకోవడమే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీ చేతిలో ఫోను ఉంటే, గత నెలలో తీసిన పాఠాల ఫోటోలు ఎన్ని ఉన్నాయో చూడండి. వాటిలో మళ్ళీ తెరిచి చదివినవి ఎన్నో పక్క ఖాళీలో రాయండి.

తెలుగు అభ్యాసకులకు ప్రత్యేకంగా చెప్పవలసిన కారణం ఇంకొకటి ఉంది. నా మట్టుకు నాకు అన్నిటికంటే పెద్దది ఇదే. ఫోనులో తెలుగు రాసేటప్పుడు మనలో చాలామంది తెలుగు అక్షరాలు రాయం. "రేపు వస్తాను" అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేస్తాం. లేదా ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఫోనే తెలుగులోకి మార్చి పెడుతుంది. లేదా నోటితో చెబితే రాసి పెడుతుంది. ఏ దారిలో వెళ్ళినా ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ ఇవ్వాలో తేల్చేది ఫోను, మీరు కాదు. 'అర్థం' అంటే భావం, 'అర్ధం' అంటే సగం. థకు, ధకు తేడా ఏమిటో మీ చేతికి తెలియాలి. ఫోను పైన చూపించిన మాటల్లో మొదటిది నొక్కేస్తే అది చేతికి ఎలా తెలుస్తుంది? 'కృషి'లో సుడి ఉంటుంది. 'క్రుషి' అని రాస్తే తప్పు. శ, ష, స, ణ, న, ళ, ల. ఇవన్నీ కంటితో పది సార్లు చూసిన దానికంటే చేత్తో రెండుసార్లు రాస్తే నిలుస్తాయని ఇరవై ఏళ్ళుగా జవాబు పత్రాలు చూస్తున్న నాకు అనిపిస్తుంది.

పరీక్ష హాలులో ఫోను ఉండదు. మాటలు అందించేవారూ ఉండరు. కాగితం, కలం, మీరు. బడి మానేసి పది పదిహేనేళ్ళయిన వారు మొదటిసారి పరీక్ష రాసి వచ్చి నాతో చెప్పే మాట ఒకటే: "జవాబులు తెలుసండీ, చెయ్యి కదల్లేదు." మూడో పేజీకి వేళ్ళు పట్టేస్తాయి. నాలుగో పేజీలో అక్షరం వంకరపోతుంది. చివరి రెండు ప్రశ్నలు ఉండిపోతాయి. తెలియక పోయిన మార్కులు కావవి. పొలంలో నాగలి పట్టిన చేతికైనా, గరిటె పట్టిన చేతికైనా కలం పట్టడం వేరే అలవాటు. రోజుకు ఒక పేజీ రాసే చేతికి ఆ అలవాటు వస్తుంది. ఒకసారి నమోదయితే 5 సంవత్సరాలలో 9 సార్లు పరీక్ష రాసే అవకాశం మనకు ఉంది. నిజమే. కాని ప్రతిసారీ రుసుము కట్టాలి, కూలి పోగొట్టుకుని రావాలి. "ఇంకా ఎన్నాళ్ళు?" అని ఇంట్లో అడిగేవారికి జవాబు చెప్పుకోవాలి. చెయ్యి కదలక ఒక అవకాశం పోవడం చిన్న నష్టం కాదు.

యాప్‌ల మీద నాకు నమ్మకం తక్కువ కావడానికి మరో కారణం, అవి మనవి కావు. 'వండర్‌లిస్ట్' అని పనుల జాబితా యాప్ ఒకటి ఉండేది. బాగా పేరున్నదే. మైక్రోసాఫ్ట్ సంస్థ దాన్ని 2015లో కొని, 2020 మే 6న మూసేసింది. ముందుగా చెప్పే మూసింది, జాబితాలను తమ వేరే యాప్‌లోకి మార్చుకునే దారి కూడా చూపించింది. అయినా అలవాటు పడిన చోటు పోయింది. 'ఎవర్‌నోట్' 2023 డిసెంబరులో ఉచితంగా వాడేవారికి 50 నోట్సుల హద్దు పెట్టింది. వ్యాపారం వారిది, హద్దులు పెట్టుకునే హక్కు వారికి ఉంది. కాని అంగడిలో కొన్న నోటు పుస్తకం, సగం రాశాక, "ఇకమీద డబ్బు కడితేనే పేజీ తిరుగుతుంది" అని అనదు.

ఇక్కడ శ్రీనివాస రామానుజన్ గుర్తుకు వస్తాడు. కాగితం కొనడానికి డబ్బు చాలక ఆయన లెక్కలను పలక మీద చేసేవాడు. మోచేతితో తుడిచేసి మళ్ళీ రాసేవాడు. చివరికి తేలిన ఫలితాన్ని మాత్రం నోటు పుస్తకంలో ఎక్కించేవాడు. 1920లో ఆయన చనిపోయాక ఆ నోటు పుస్తకాలు మిగిలాయి. 1957లో టాటా పరిశోధన సంస్థ వాటిని ఉన్నవి ఉన్నట్లు ఫోటో తీసి రెండు సంపుటాలుగా ప్రచురించింది. ఆయన చివరి రోజుల్లో రాసిన మరికొన్ని కాగితాలు 1976లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో జార్జ్ ఆండ్రూస్ అనే గణితవేత్తకు దొరికాయి. ఏళ్ళ తరబడి ఎవరూ పెద్దగా పట్టించుకోకపోయినా, తెరిచిన రోజున చదవడానికి వీలుగానే ఉన్నాయి. పలక మీద చేసిన మెట్లు మాత్రం పోయాయి. ఆ ఫలితాలకు నిరూపణలు కట్టడానికి తరువాతివారికి దశాబ్దాలు పట్టింది. మనం రామానుజన్‌లం కాము, మన నోట్సు కోసం ఎవరూ కేంబ్రిడ్జిలో వెతకరు. కాని ఎక్కడ రాస్తే మిగులుతుందో, ఎక్కడ రాస్తే చెరిగిపోతుందో ఆయనకు తెలుసు. కాగితానికి కరువున్న మనిషి కాబట్టి ఇంకా బాగా తెలుసు.

మీ అభ్యంతరాలు నాకు వినబడుతున్నాయి. కాగితం తడుస్తుంది, చెదలు పడుతుంది, పిల్లలు చింపేస్తారు, బస్సులో మరిచిపోతాం. అన్నీ నిజమే. ఫోనుకు కూడా ఇలాంటివి ఉన్నాయి, తెర పగిలితే బాగు చేయించడానికి అయ్యే డబ్బుతో ఎన్ని నోటు పుస్తకాలు వస్తాయో మీరే లెక్క వేయండి. ఇక్కడ ఫోనును ఒక మంచి పనికి వాడుకోవచ్చు. వారానికి ఒకసారి మీ నోట్సు పేజీలను ఫోటో తీసి పెట్టుకోండి. బోర్డును ఫోటో తీయడం వేరు, మీరు రాసిన దాన్ని ఫోటో తీయడం వేరు. రెండోది రాయవలసిన పని అయిపోయాక తీసే నకలు.

వేళకు వేసుకోవలసిన మందు, పొద్దున్నే పట్టుకోవలసిన రైలు వంటి వాటికి అలారం పెట్టుకోండి. కాగితం మోగదు. చూపు సరిగా లేనివారికి, చెయ్యి వణికేవారికి, వేళ్ళు వంగనివారికి ఫోను గొంతు వినడం, వినిపించడం గొప్ప వరం. ఈ వ్యాసంలోని మాటలేవీ వారిని ఉద్దేశించినవి కావు. ఇక పుస్తకాన్ని ఇంట్లో ఎవరైనా తెరిచి చదవవచ్చు, ఫోనుకైతే తాళం ఉంటుంది కదా అని కొందరు అడగవచ్చు. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పాఠం నోట్సుకు ఆ ఇబ్బంది లేదు. సొంత సంగతులు రాసుకునేవారు మాత్రం ఎక్కడ రాయాలో తామే ఆలోచించుకోవాలి. ఫోను తాళం మాట ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఆ తాళానికి విలువెంతో కూడా చూసుకోవాలి.

ఖర్చు గూర్చి పెద్దగా చెప్పనక్కర లేదు. ఖరీదైన డైరీలు కొనకండి. అట్ట బాగున్న పుస్తకంలో రాయడానికి చెయ్యి రాదు, పాడవుతుందని భయం. పిల్లల పాత నోటు పుస్తకాల్లో చివర మిగిలిన తెల్ల కాగితాలను చించి, దారంతో కుట్టుకున్న పుస్తకం అన్నిటికన్నా మంచిది. మా ఇంట్లో ప్రతి వేసవిలోనూ మా నాన్నగారు అవే కుట్టి ఇచ్చేవారు. పేజీని నిలువుగా నాలుగో వంతు దగ్గర మడిచి గీత పడేలా నొక్కండి. వెడల్పు భాగంలో పాఠం చదువుతూ ముఖ్యమైనవి రాయండి. సన్నని భాగాన్ని అప్పుడు ఖాళీగా వదిలి, మరునాడు పుస్తకం మూసి, గుర్తున్న దానిని ప్రశ్నల రూపంలో అక్కడ రాయండి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ అనే అధ్యాపకుడు ప్రచారం చేసిన పద్ధతి ఇది. పేరు ఏదైనా, లెక్కల పుస్తకంలో పక్కన గీత కొట్టుకుని చిల్లర లెక్కలు వేసుకునే మనకు ఇది కొత్తగా అనిపించదు.

అక్షరం బాగుండదని సిగ్గుపడేవారు చాలామంది ఉంటారు. ఆ పుస్తకాన్ని ఎవరూ దిద్దరు. కొట్టివేతలు ఉండనివ్వండి. ఏది తప్పు రాసి ఎలా దిద్దుకున్నారో కొట్టివేత చూపిస్తుంది. యాప్‌లో చెరిపేసిన తప్పు ఏమయిందో ఎవరికీ తెలియదు, మీకు కూడా.

మీలో రాత్రి పడుకున్నాక రేపటి పనులు తలలో తిరిగి నిద్ర పట్టనివారు ఉండవచ్చు. 2018లో ప్రచురితమైన ఒక అమెరికా ప్రయోగంలో 57 మంది యువతీయువకుల చేత పడుకునే ముందు అయిదు నిమిషాలు రాయించారు. సగం మంది రాబోయే రోజుల్లో చేయవలసిన పనులు రాశారు, మిగతావారు అప్పటికే చేసేసిన పనులు రాశారు. చేయవలసినవి రాసినవారికి సగటున తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్ర పట్టింది. చిన్న ప్రయోగమే, ప్రయోగశాలలో చేసినదే. అయినా పరీక్షించి చూడడానికి మీకు అయ్యే ఖర్చు ఒక కాగితం ముక్క.

ఈ పాఠం తరువాతి పేజీలో సగం ఖాళీగా వదిలాం. అక్కడ బొమ్మ వేద్దామని ముందు అనుకున్నాం, తరువాత మానుకున్నాం. ఈ రాత్రి పడుకునే ముందు అక్కడ రేపు చేయవలసిన పనులు మూడు రాయండి. వాటిలో ఒకటి మీ చదువుకు సంబంధించినది కావాలి. "తెలుగు చదవాలి" అని కాకుండా, ఏ పాఠం, ఏ పేజీ నుంచి ఏ పేజీ వరకు, ఎన్ని గంటలకు అని రాయండి. ఎల్లుండి ఆ పేజీ మళ్ళీ తెరిచి, చేసినవి కొట్టేయండి. దీన్ని ట్యూటరుకు చూపించనక్కర లేదు. దీనికి మార్కులు లేవు.